ఏ పరీక్ష రాయాలె సారూ?

చివ్వెంలలో ఎవరింట్లో పిల్లలకు పరీక్షల గొడవ వచ్చినా మొదటి కబురు నాకే వస్తుంది. లెక్కల మాస్టారుగా రిటైరై ఇన్నేళ్ళయినా ఆ అలవాటు ఊరికి పోలేదు, నాకూ పోలేదు. పాలిసెట్టా, ఎంసెట్టా, ఐసెట్టా అని అడిగితే టక్కున చెప్పేవాణ్ణి. అలా టక్కున చెప్పడమే నా తప్పని ఏడాది కిందట తెలిసొచ్చింది. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పుకోవాలనిపించింది.

2024 జులైలో ఒకరోజు పొద్దున్నే మా ఊరి రైతు ఒకాయన వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు. ఆయన కూతురు నా దగ్గర పదో తరగతి దాకా చదివింది, తర్వాత ఇంజనీరింగు చేసి దుబాయ్‌లో ఒక నిర్మాణ సంస్థలో ప్లానింగ్ ఇంజనీరుగా చేస్తోంది. పేరు రాయొద్దని ఆ అమ్మాయి మాట తీసుకుంది కాబట్టి రాయను.

"సారూ, మా బిడ్డ ఎంబీయే చదువుతదట. ఈడున్నోళ్ళు క్యాట్ రాస్తరట, బయటున్నోళ్ళు జీమ్యాట్ రాస్తరట. రెండు పేర్లు చెప్పి నన్ను ఆగం జేస్తాంది. ఏ పరీక్ష రాయాలె సారూ?"

"క్యాటే రాయమను. అసలు పరీక్ష అంటే అదే" అన్నాను, టీ గ్లాసు కింద పెట్టకుండానే.

ఎందుకన్నానంటే, క్యాట్ అంటే నాకు మొదట్నుంచీ గౌరవం. కలకత్తాలో, అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన ఐఐఎంల పేరు వింటూ పెరిగిన తరం మాది. దాదాపు మూడు లక్షల మంది ఒకే రోజు కూర్చుని రాసే పరీక్ష. మా బడి పిల్ల అందులో నెగ్గితే నాకూ కొంచెం గొప్పే కదా. ఆ గొప్ప కోసం చెప్పానో, ఆ పిల్ల మంచి కోసం చెప్పానో ఇప్పటికీ నాకు అనుమానమే.

ఆ అమ్మాయి నా మాట విన్నది. నమోదు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే అయిపోతుంది. ఆ ఏడాది ఫీజు 2,500 రూపాయలు. క్యాట్ కేంద్రాలన్నీ మన దేశంలోనే ఉంటాయి కాబట్టి హైదరాబాద్ పెట్టుకుంది. పరీక్ష 2024 నవంబరు 24, ఆదివారం. రానూ పోనూ విమానం టికెట్ తీసుకుంది. నాలుగు నెలల పాటు డ్యూటీ దిగి గదికి వచ్చాక రాత్రి పన్నెండింటి దాకా చదివింది. నాతో ఫోనులో లెక్కలు చేసింది. మనకూ వాళ్ళకూ గంటన్నర తేడా. మా ఇంట్లో అందరూ పడుకున్నాక నేను వరండాలో కూర్చుని ఆమెకు నిష్పత్తులు, వేగం-కాలం చెప్పేవాణ్ణి.

పరీక్షకు నాలుగు రోజుల ముందు కంపెనీ వాళ్ళు సెలవు రద్దు చేశారు. భవనం అప్పగించే తేదీ ముందుకు జరిగిందట. అంతే. టికెట్ డబ్బు పోయింది, ఫీజు పోయింది, నాలుగు నెలల నిద్ర పోయింది. క్యాట్ ఏడాదికి ఒక్కసారే. ఆ ఒక్క ఆదివారం దాటితే మళ్ళీ వచ్చే నవంబరే.

ఆ ఆదివారం సాయంత్రం వాళ్ళ నాన్న మా గేటు దాకా వచ్చి లోపలికి రాలేదు. "పోనీ సారూ, మన రాత గంతే" అని వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది. నేనే చెప్పాను కదా, "అసలు పరీక్ష అదే" అని. ఆ పిల్లకు సెలవు దొరుకుతుందా, ఎన్ని రోజులు, ఎవరు ఇస్తారు అని ఒక్క మాట అడగలేదు.

ఆ సెలవు బదులు ఫిబ్రవరిలో ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 16న మన దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర మొదలైంది. రెండేళ్ళకోసారి వచ్చే జాతర. ఆ అయిదు రోజులూ చివ్వెంల మండలంలో ఎవరింట్లో చూసినా చుట్టాలే. హైవే మీద బండ్లు మళ్ళిస్తారు, గట్టు మీద "ఓ లింగా" అనే కేక తప్ప ఇంకోటి వినపడదు. మొక్కు తీర్చుకుని ఆ అమ్మాయీ, తండ్రీ మా ఇంటికి వచ్చారు. కాళ్ళకు ఇంకా గట్టు దుమ్ము ఉంది.

"ఈసారీ క్యాటే రాస్తా సార్. పోయిన కాడనే వెతుక్కోవాలె గదా" అంది.

తండ్రికి ఆ మాట నచ్చలేదు. "ఇరవై ఏడేండ్లు వస్తున్నయ్. సంబంధాలు వస్తున్నయ్. ఇంకెన్ని నవంబర్లు సారూ?" అన్నాడు. పిల్ల తల దించుకుంది. ఆ ఇంట్లో అసలు గొడవ పరీక్ష కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఈసారి నేను టక్కున ఏమీ చెప్పలేదు. ఈ మూడు నెలల్లో జీమ్యాట్, జీఆర్ఈ నమూనా ప్రశ్నపత్రాలు తెప్పించుకుని నేనే కూర్చుని చేశాను. ముసలితనంలో మంచి కాలక్షేపం. తెలిసినంతవరకు వాళ్ళ ముందు పెట్టాను. మీకూ పనికొస్తుందని ఇక్కడా చెబుతున్నా.

క్యాట్ రెండు గంటల పరీక్ష. ఇంగ్లీషు, డేటా-తర్కం, లెక్కలు అని మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒక భాగంలో మిగిలిన టైము ఇంకో భాగానికి వాడుకోలేం. ఒప్పుకు మూడు మార్కులు, ఆప్షన్లు ఉన్న ప్రశ్న తప్పయితే ఒక మార్కు కోత. ఆ మార్కు ఆ ఏడాది ప్రవేశాలకే పనికొస్తుంది.

జీమ్యాట్ రెండుంబావు గంటలు. 2023 నవంబరులో కొత్త రూపం వచ్చింది. లెక్కలు, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ అని మూడు భాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. లెక్కల్లో జామెట్రీ తీసేశారు. నాలాంటివాడికి కొంచెం బాధే. కాలిక్యులేటరు డేటా భాగంలో మాత్రమే ఇస్తారు. మనం చేసేదాన్ని బట్టి తర్వాతి ప్రశ్న కష్టమో తేలికో కంప్యూటరే ఎంచుతుంది. పదహారు రోజుల ఎడంతో మళ్ళీ రాయొచ్చు, పన్నెండు నెలల్లో అయిదుసార్ల దాకా. స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది. దుబాయ్‌లోనే కేంద్రం ఉంది.

జీఆర్ఈ ఇప్పుడు రెండు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. ఒక వ్యాసం రాయాలి. ఇంగ్లీషు పదాల మీద పట్టు ఉండాలి. జామెట్రీ ఉంటుంది, కాలిక్యులేటరు ఇస్తారు. ఇదీ అయిదేళ్ళు చెల్లుతుంది. ఎంబీయే ఒక్కటే కాకుండా ఎంఎస్ కూడా ఆలోచనలో ఉన్నవాళ్ళకు ఒకే దెబ్బకు రెండూ కలిసొస్తాయి. ఆ అమ్మాయికి ఎంఎస్ ఆలోచన లేదు, ఇంగ్లీషు పదాలు బట్టీ పట్టే ఓపికా లేదంది. అది పక్కన పెట్టాం.

ఖర్చు మాట కూడా వచ్చింది. జీమ్యాట్ ఫీజు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా కేంద్రాల్లో 275 డాలర్లు. మన క్యాట్ ఫీజు దాని పక్కన చిల్లరే. కానీ దుబాయ్‌లో ఉన్న పిల్లకు క్యాట్ ఖర్చంటే ఫీజు ఒక్కటే కాదు కదా. విమానం టికెట్, సెలవు, ఆ సెలవు రద్దవుతుందేమోనన్న దిగులు, అన్నీ కలిపి లెక్క వేయాలి.

జీమ్యాట్‌లో ఒక రకం ప్రశ్న నాకు బాగా నచ్చింది. అందులో జవాబు కట్టమనరు. ఇచ్చిన సమాచారం జవాబు కట్టడానికి సరిపోతుందా, లేదా అని మాత్రమే అడుగుతారు. తండ్రికి అర్థం కావాలని మన లెక్కలో చెప్పాను.

"ఒక రైతు ఎన్ని బస్తాల వడ్లు అమ్మిండు? మొదటి మాట, బస్తాకు 40 కిలోలు. రెండో మాట, మొత్తం 60 క్వింటాళ్ళు. ఒక్క మొదటి మాటతో చెప్పగలవా? లేవు. ఒక్క రెండో మాటతో? లేవు. రెండూ కలిస్తే చెప్పగలవు, 150 బస్తాలు. కాబట్టి రెండూ కలిస్తేనే చాలు అనేది జవాబు."

ఆయన కాసేపు ఆలోచించి, "తరుగు ఎంత తీసినరో చెప్పలేదు గదా సారూ" అన్నాడు.

ముగ్గురం నవ్వాం. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. ఐకేపీ కేంద్రంలో వడ్లు అమ్మినవాడికి తెలుసు, తరుగు చెప్పకుండా లెక్క తేలదని. పోయిన ఏడాది నేను ఆ పిల్ల విషయంలో తరుగు అడగకుండానే లెక్క తేల్చేశాను.

అందుకని ఈసారి కాగితం తీసి అడగడం మొదలుపెట్టాను. ఎప్పటిదాకా ఉద్యోగం మానలేవు? "తమ్ముడి బీటెక్ 2026 మే దాకా సార్. ఫీజు నేనే కడ్తున్న." చదువుకు ఎంతకాలం జీతం లేకుండా ఉండగలవు? "ఏడాది అయితే లాక్కురాగలం. రెండేండ్లంటే కష్టం." చదివాక ఎక్కడ ఉంటావు? ఈ ప్రశ్నకు ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. తండ్రి వైపు చూసి, "హైదరాబాద్‌కు వచ్చేయాలని ఉంది సార్" అంది. ఆయనకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. కూతురు ఇంకా దూరం పోవడానికే ఎంబీయే అంటోందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు, చెమటకే అన్నట్టు.

ఆ మూడు జవాబులూ కాగితం మీద పడ్డాక పరీక్ష పేరు దానంతట అదే తేలింది. క్యాట్‌తో దొరికే ఐఐఎం పెద్ద కోర్సు రెండేళ్ళది. ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్ళకు ఏడాది కోర్సులు వేరే ఉన్నాయి. గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ 2001 నుంచి నడుస్తోంది. చివ్వెంల నుంచి మూడు గంటల దూరం. అక్కడి పీజీపీ కోర్సుకు జీమ్యాట్ గానీ జీఆర్ఈ గానీ తీసుకుంటారు. అహ్మదాబాద్ ఐఐఎంలో పీజీపీఎక్స్ అనే ఏడాది కోర్సు ఉంది. దానికీ ఆ రెండు పరీక్షలే. కనీసం నాలుగేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి. ఈ అమ్మాయికి ఆ నాలుగేళ్ళు నిండుతున్నాయి.

ఇంకో సంగతి. విదేశాల్లో ఉన్నవాళ్ళను రెండేళ్ళ కోర్సుకు కూడా క్యాట్ బదులు జీమ్యాట్‌తో చూసే సంస్థలు మన దగ్గర కొన్ని ఉన్నాయి. కానీ బయట ఎన్నాళ్ళు ఉండాలి, ఏ తేదీ నాటికి ఉండాలి అనే షరతు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. దుబాయ్ వీసా ఉంది కదా అని గుడ్డిగా నమ్మొద్దు. ఆ సంస్థ ప్రకటనను ఒకటికి రెండుసార్లు చదవాలి.

క్యాట్ వైపూ ఒక బలమైన కారణం ఉంది, దాచడం న్యాయం కాదు. ఐఐఎంల రెండేళ్ళ కోర్సులో ఓబీసీలకు 27 శాతం, ఎస్సీలకు 15, ఎస్టీలకు ఏడున్నర, ఆర్థికంగా వెనకబడినవాళ్ళకు 10 శాతం సీట్లు ఉంటాయి. ఓబీసీ క్రీమీలేయరు లెక్కలో చూసేది తల్లిదండ్రుల స్థితిని, అభ్యర్థి సొంత జీతాన్ని కాదు. గల్ఫ్‌లో సంపాదిస్తున్నాను కాబట్టి నాకు రాదులే అని వదిలేసుకునే పిల్లలున్నారు. అలా వదిలేయకండి. తమ్ముడి చదువు అయిపోయి, చేతిలో రెండేళ్ళు ఉంటే నేను ఈ అమ్మాయికీ మళ్ళీ క్యాటే చెప్పేవాణ్ణేమో.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి తండ్రి గొంతు తగ్గింది. ఈ ఏడాది కోర్సులకు ముప్ఫై, నలభై లక్షల మాట. "కాల్వ కింద రెండెకరాలు కుదువ పెడ్తా" అన్నాడు. ఆగమన్నాను. పేరున్న సంస్థల్లో సీటు వచ్చినవాళ్ళకు భూమి తాకట్టు లేకుండా అప్పిచ్చే పద్ధతి బ్యాంకుల్లో ఉంది. స్టేట్ బ్యాంకులో దాన్ని స్కాలర్ లోన్ అంటారు. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకాన్నీ ఆమోదించింది. తాను చేరే కోర్సుకు ఏది వర్తిస్తుందో సీటు కాగితం పట్టుకుని బ్యాంకులో అడగాలి. అంతకుముందే పట్టా పాసుపుస్తకం బయటికి తీయొద్దని గట్టిగా చెప్పాను. సీటు కన్నా ముందు పొలం పోవడం నేను ఒకటి రెండు ఇళ్ళల్లో చూశాను.

ఆ అమ్మాయి దుబాయ్ తిరిగి వెళ్ళి జీమ్యాట్‌కు తయారైంది. అందులోనూ చిక్కులు వచ్చాయి. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాసే వీలుంది కానీ, గదిలో ఇంకెవరూ ఉండకూడదు. ముగ్గురు అమ్మాయిలతో పంచుకున్న గదిలో అది అయ్యే పని కాదు. కేంద్రానికే వెళ్ళాలి. అక్కడ పాస్‌పోర్టు చూపించాలి, నమోదులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇక్కడే మన తెలుగువాళ్ళు బోల్తా పడేది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. ఈ పిల్లా మెమో చూసి నింపింది. ముందే గమనించి సరిచేయించుకుంది కాబట్టి బతికింది.

జూన్‌లో ఒక సెలవు రోజు చూసుకుని మొదటిసారి రాసింది. 585 వచ్చింది. ఫోనులో ఏడ్చింది. "నవంబరు దాకా ఆగాలా ఇప్పుడు?" అన్నాను. "లేదు సార్, పదహారు రోజులే" అంది, ఏడుస్తూనే నవ్వింది. తొందరపడలేదు. ఆగస్టు దాకా డేటా భాగం మీద కూర్చుని మళ్ళీ రాస్తే 645 వచ్చింది.

వాళ్ళ బంధువొకాయన "ఏడొందలు దాటాలట గదా, రాలేదా?" అని పెదవి విరిచాడు. ఆయన చెప్పేది పాత జీమ్యాట్. అది 200 నుంచి 800 దాకా ఉండేది. కొత్తది 205 నుంచి 805 దాకా, కొలతే వేరు. కొత్త 645 దాదాపు పాత 700కు సమానం. పాత మార్కులు పట్టుకుని పిల్లల్ని చిన్నబుచ్చేవాళ్ళకు ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడామె రెండు చోట్ల దరఖాస్తు పెట్టింది. సీటు వస్తుందో రాదో నేను చెప్పలేను. స్కోరు ఒక్కటే చూడరు. చేసిన ఉద్యోగం, రాసిన వ్యాసాలు, ఇంటర్వ్యూ, అన్నీ చూస్తారు. రాకపోతే ఆ 645 ఇంకా అయిదేళ్ళు ఆమె దగ్గరే ఉంటుంది. ఎవరో సెలవు రద్దు చేసినంత మాత్రాన అది పోదు. సంబంధాల మాట తండ్రి తనంతట తాను మే నెల దాకా ఆపాడు.

మళ్ళీ క్యాట్‌కు 2025 నవంబరు 30 తేదీ పెట్టారు. మా ఊరి అబ్బాయే ఒకడు రాస్తున్నాడు. వాడు ఉండేది హైదరాబాద్‌లో, డిగ్రీ చివరి ఏడాది. కేంద్రానికి మెట్రోలో వెళ్తాడు. వాడికి నేను చెప్పిందీ క్యాటే. ఇంకో అమ్మాయి ఇంట్లోంచే చదువుకోవాలి, ఆమె ఐసెట్ రాసింది. 2025లో ఆ పరీక్షను నిర్వహించింది మన నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమే. ముగ్గురికీ మూడు పరీక్షలు, మూడూ సరైనవే.

సూర్యాపేట బస్టాండులో ఎవరూ "ఏ బస్సు మంచిది?" అని అడగరు. "ఎక్కడికి పోవాలె?" అన్నాకే బస్సు పేరు చెబుతారు. ముందు మీ పిల్లలు ఎక్కడ నిలబడి ఉన్నారో అడగండి. సెలవు ఎవరి చేతిలో ఉంది, ఎంతకాలం జీతం లేకుండా గడుస్తుంది, చదివాక ఏ ఊళ్ళో దిగాలనుంది. ఇవి తేలితే పరీక్ష పేరు చెప్పడానికి నాలాంటి మాస్టారు కూడా అక్కర్లేదు.

మొన్న ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. చిన్నోడు బీటెక్ అయ్యాక గేట్ రాస్తానంటున్నాడట, ఉద్యోగం చూసుకుంటే నయమా అని అడిగాడు.

"వాణ్ణి తీసుకురా. ముందు వాణ్ణి అడుగుదాం" అన్నాను.